తవుడు బస్తాల వెనక

మా అటవీశాఖ కలప డిపో కోరుకొండ రోడ్డులో ఉంది. ఆ రోజు పొద్దున్నుంచీ ముసురు. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడ్డట్టుంది. రేకుల షెడ్డు కింద నిలబడి నేనూ, గార్డు డేనియల్ గారూ టీ తాగుతున్నాం. ఎదురుగా వానలో తడుస్తూ ఒక కంటైనర్ లారీ.

ముందురోజు నిడదవోలు వైపు నుంచి వస్తుంటే పట్టుకున్నాం. కాగితాల్లో తవుడు అని ఉంది. తలుపు తీస్తే ముందంతా తవుడు బస్తాలే. వాటిని లాగితే వెనక పైదాకా ఎర్రచందనం దుంగలు. డ్రైవరు అప్పటికే చేలకడ్డం పడి పారిపోయాడు.

నేను ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసర్ని. ఈ ఉద్యోగంలో సరుకు పట్టుకోవడం కష్టం కాదు, పట్టుకున్నది మన దగ్గర నిలవడమే కష్టం. ఎక్కడో కడప కొండల్లో నరికిన చెట్టు మా గోదావరి దాటి రేవుకు పోతుంది. అక్కణ్ణించి ఓడెక్కి దేశమే దాటుతుంది. ఎప్పుడు దొరికినా కూలీలే దొరుకుతారు. పొరుగు రాష్ట్రం నుంచి లారీల్లో తెచ్చి, గొడ్డలి చేతికిచ్చి అడవిలో దింపినవాళ్ళు. ఆ సరుకు ఎవరిదో వాళ్ళకే తెలీదు. తెలిసినవాళ్ళు మా స్టేషను మెట్టెక్కరు.

ఫోను మోగింది. మా రేంజర్ సుకుమార్ గారు.

“హారతి గారూ, ఆ బండి వదిలెయ్యండి. వేలంలో కొన్నామని సరుకు తాలూకు పార్టీ వాళ్ళు కాగితాలు తెచ్చారు. పైనుంచి ఆర్డరు కూడా వచ్చింది.”

“వేలంలో కొన్నదైతే తవుడు బస్తాలు అడ్డం పెట్టడం ఎందుకండి? దుంగ మీద మన ముద్ర ఉండాలి. ఒక్కదాని మీదా లేదు.”

“అవన్నీ నాకు తెలీవా? సాయంత్రానికి బండి కదలాలి.”

ఇలా వదిలెయ్యడం నాకు కొత్త కాదు. మిగిలిన టీ వానలో పారబోశాను. డేనియల్ గారు నా మొహం చూసి, కంటైనర్ తలుపు గడియ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి వెళ్ళారు.

వెళ్ళినాయన అక్కడే ఆగిపోయారు. చెవి తలుపుకి ఆనించారు.

“మేడం... ఒకసారి ఇలా రండి.”

నేనూ చెవి పెట్టాను. ముందు వాన చప్పుడే. తర్వాత...

టక్... టక్... టక్...

“లోపల మనిషున్నాడండి,” అన్నారు ఆయన, గొంతు తగ్గించి.

నిన్నటి నుంచీ తలుపులు బిగించే ఉన్నాయి. గాలి లేదు, నీళ్ళు లేవు. ఇద్దరం కలిసి తలుపు లాగాం. గుప్పున వాసన కొట్టింది. ఎర్రచందనానికి పెద్దగా వాసన ఉండదు. ఇది చెమట వాసన. ఆరిపోయిన బీడీ, తడిసిన గుడ్డల వాసన. ఎక్కడో లోపల దుంగల వెనక నుంచి సన్నగా ఒక మాట.

“తణ్ణి...”

నీళ్ళు అడుగుతున్నాడు, అరవంలో.

వెంటనే రేంజర్ గారికి ఫోను చేశాను.

“నిన్న బస్తాలు తీసి చూసింది మీరే కదా? అప్పుడు లేని మనిషి ఇప్పుడెలా వచ్చాడు? బండి ఆపడానికి సాకులు వెతక్కండి.” పెట్టేశారు.

పక్కనే ఉన్న సా మిల్లు నుంచి జట్టు కూలీలను పిలిపించాను. సరుకు దించండి, ఏదైనా వస్తే నా మీద వెయ్యండి అన్నాను. వానలోనే మొదలెట్టారు. ఒక వరస దించితే చప్పుడు ఇంకో వరస వెనక్కి పోయేది. “వస్తున్నాం, కాస్త ఓర్చుకో బాబూ,” అని నేను అరుస్తూనే ఉన్నాను. అరిచినప్పుడల్లా అది ఆగేది, వింటున్నట్టు. మళ్ళీ టక్... టక్...

ఈలోగా కరెంటు పోయింది. ఫోన్ లైట్లు వేసి ఆఖరి వరస కూడా దించారు.

వెనక ఎవరూ లేరు.

ఉన్నది ఇనప గోడ. నేను లోపలికి ఎక్కి చివరిదాకా నడిచాను. గోడ మీద లైటు వేశాను. అరచేతి ముద్రలు... నేల దగ్గర నుంచి పైకప్పు దాకా. ఎర్రగా. వేలు పెట్టి చూస్తే ఇంకా తడి ఆరలేదు.

అప్పుడు నా వెనక...

టక్.

లోపల కాదు. బయట. నేల మీద గుట్టగా వేసిన దుంగల్లోంచి.

కూలీలు గుట్ట దగ్గర నుంచి వెనక్కి జరుగుతున్నారు. దుంగల సందుల్లోంచి గుసగుస వస్తోంది. తణ్ణి... తణ్ణి... ఈసారి ఒక్క గొంతు కాదు. ముసలి గొంతులు, చిన్న గొంతులు, ఒకదాని మీద ఒకటి. కూలీల్లో ఎవరో పరుగందుకున్నారు. వెనకే మిగతావాళ్ళూ. డేనియల్ గారు కదల్లేదు. కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు.

గేటు దగ్గర లైట్లు పడ్డాయి. రేంజర్ గారి జీపు, దాని వెనక పార్టీ మనుషుల వ్యాన్. డ్రైవర్నీ, కూలీల్నీ వాళ్ళే తెచ్చుకున్నారు.

“సార్, ఆ చప్పుడు వినండి,” అన్నాను.

ఆయన విన్నారు. విన్నారని నాకు తెలుసు, ఎందుకంటే దుంగల వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు. “వాన,” అన్నారు.

“నేను సంతకం పెట్టనండి.”

“నేనే పెడతాను లెండి.”

జీపు బానెట్ మీదే పెట్టేశారు. వాళ్ళు దుంగలు ఎక్కించారు, తవుడు బస్తాలు కూడా మళ్ళీ అడ్డం పేర్చారు. లారీ రేవు వైపు వెళ్ళిపోయింది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. నా చేతిలో చట్టం ఉంది, ఒంటి మీద యూనిఫాం ఉంది. బండి మాత్రం పోయింది.

మర్నాడు సుప్రియ ఫోను చేసింది. కాలేజీలో నా క్లాస్‌మేట్. రేవులో కంటైనర్లను స్కాన్ చేసే చోట పనిచేస్తుంది.

“హారతీ, నీకు రెండు ఫోటోలు పంపాను, చూశావా? ఆ బండి మీ డిపో నుంచే వచ్చిందంటగా?”

మొదటి ఫోటో తెరిచాను. స్కానర్ తీసిన బొమ్మ. గుండ్రటి దుంగల మధ్య మనుషులు. మోకాళ్ళు గుండెలకి చేర్చుకుని, ఇరుకిరుగ్గా. ఖాళీ ఉన్న చోటల్లా ఒకరు. అందరి తలలూ తలుపు వైపే తిరిగి ఉన్నాయి.

“మెషీన్ పాడైందన్నారు మా వాళ్ళు,” అంది సుప్రియ. “తెరిచి చూస్తే బస్తాలూ, కలపా. మూసి మళ్ళీ స్కాన్ చేశాం. కలప అని రాసి ఓడెక్కించెయ్యమన్నారు. ఎక్కించేశారు కూడా.”

రెండో ఫోటో తెరిచాను. అదే కంటైనర్, అవే దుంగలు, ఆ మనుషులే. తలుపు పక్కన కూర్చున్నవాడి చోటు మాత్రం ఖాళీగా ఉంది.

“సుప్రియా, తలుపు తీసిందెవరు?”

“నేనే. ఏం?”