మనోలేఖిని

2094 నాటికి చంద్రుడి మీద చింతచెట్లు కాపుకొచ్చాయి. సముద్రపు నీళ్ళు కుళాయిల్లో తియ్యగా వస్తున్నాయి. జలుబుకు కూడా మందు కనిపెట్టారు. లెక్కల పరీక్ష అనగానే పిల్లలకు కడుపునొప్పి రావడం మాత్రం ఎవరూ ఆపలేకపోయారు.

దేశమంతటికీ ఒకటే పరీక్ష, ఏకగణితం. ఆలోచించి జవాబు చెప్పే యంత్రాలను హాల్లోకి రానివ్వరు. సమీకరణం ఇస్తే దాని రేఖాచిత్రం గీసిపెట్టే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఒక్కటే అనుమతి. దాన్నే అందరూ వక్రలేఖిని అంటారు. రకరకాలవి ఉంటే కలిగినవాళ్ళు మంచివి కొనుక్కుంటారని, పరీక్షా మండలి పదేళ్ళకోసారి ఒకే ఒక్క నమూనాను ఎంపిక చేస్తుంది. మళ్ళీ పదేళ్ళదాకా పిల్లలందరి చేతుల్లోనూ అదే.

ఈసారి చివరిదాకా నిలిచినవి రెండు. ఎంపిక జరిగేది ఓర్వకల్లు రాళ్ళగుట్టల మధ్య మండలి భవనంలో. ఆ ఊరి పేరులో మొదటి సగానికి ‘లేరు’ తగిలిస్తే, వచ్చిన ఇద్దరు శాస్త్రవేత్తలకూ సరిగ్గా అతుకుతుంది.

డాక్టర్ కాదంబరి తయారుచేసిన యంత్రం మనోలేఖిని. దాని మీద బొటనవేలు ఆనిస్తే, మెదడు నుంచి వేలికి వచ్చే సూక్ష్మమైన విద్యుత్ సంకేతాలను అందులోని స్పర్శగ్రాహకం, అంటే సెన్సర్, పట్టుకుంటుంది. చెయ్యి కదలకముందే మనసు గీసుకున్న గీత తెర మీద ఎర్రగా పడుతుంది. పక్కనే అసలు గీత పచ్చగా వస్తుంది. రెండూ ఎక్కడ విడిపోయాయో చూసుకుంటే తన ఆలోచన ఎక్కడ దారి తప్పిందో పిల్లవాడికే అర్థమవుతుంది. చిన్నప్పుడు తప్పెక్కడుందో చెప్పకుండా తొడపాశం పెట్టిన మాస్టారి మీద కసితో మొదలుపెట్టి, కాదంబరి తన వయసంతా దీని మీదే ధారపోసింది. ఇప్పుడు కాదంటే మరో పదేళ్ళు ఆగే ఓపిక ఆమెకు లేదు.

రెండోది యోగానందం చేసిన మెరుపు. అది గీస్తుంది, అంతే. కానీ కన్ను మూసి తెరిచేలోగా గీస్తుంది. ఒకప్పుడు ఇద్దరూ ఒకే ప్రయోగశాలలో ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఎర్రగీత ఊహ తనదేనని ఆయన అంటాడు. ఆయనకు ఊహలే రావని ఆమె అంటుంది. అప్పటినుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

మండలి అధ్యక్షుడు ఫక్కీరప్ప పాతకాలపు లెక్కల మాస్టరు. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాడు.

“చూడండప్పా, ఎవరి యంత్రాన్ని వాళ్ళు పొగుడుకుంటే నేను నమ్మను. ఒకరి యంత్రంతో ఇంకొకరు పరీక్ష రాయాల. ఏ యంత్రంతో మార్కులెక్కువ వస్తే దాన్నే తీసుకుంటాం. ఇద్దరూ ఫెయిలయితే రెండూ వద్దు. పగోళ్ళ కంటే బాగా తప్పులెతికేటోళ్ళు యాడుంటారు?”

“కావాలని తప్పు రాస్తే, సార్?” అంది కాదంబరి.

“లెక్కలు తెలిసినోళ్ళు తెలిసి తెలిసి తప్పు రాస్తారామ్మా? చెయ్యాడొద్దా?”

“ఆవిడకా అనుమానం ఎందుకొచ్చిందో ఎర్రగీత వేసి చూడండి సార్,” అన్నాడు యోగానందం.

“మీకైతే ఆ భయం లేదు. అక్కడ గీత పడటానికి ఏమన్నా ఉంటే కదా!” అంది కాదంబరి.

పరీక్ష మొదలైంది. మొదటి ప్రశ్నకు జవాబు గిన్నెలా పైకి నోరు తెరుచుకున్న పరావలయం, అంటే పారాబోలా. ఆమె సమీకరణం నొక్కి వేలు తీసేలోగా మెరుపు దాన్ని ముచ్చటగా గీసి చూపించింది. అంత బాగా గీసినందుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఈ డబ్బాకు నూటికి నూరు. ఎదురుగా యోగానందం పెదవి బిగించి, లోలోపల నవ్వుకుంటూ రాస్తున్నాడు. అతను నిజం రాస్తాడా? చచ్చినా రాయడు. కాదంబరి పెన్సిల్ పట్టుకుంది. ఫక్కీరప్ప అన్నట్టే చెయ్యి ఆడలేదు. ఆమే ఆడించింది. పరావలయాన్ని బోర్లించి పెట్టింది. ఆ తర్వాతి ప్రశ్నలకు అంత కష్టపడాల్సిన అవసరం రాలేదు.

ఫక్కీరప్ప కాగితాలు దిద్ది కళ్ళజోడు తీసేశాడు.

“కాదంబరమ్మకు సున్న,” అని రెండో కాగితం తీశాడు. “యోగానందానికీ సున్నే. ఒక్కటన్నా పొరపాటున కరెక్టు కాలేదు. ఇంత చక్కగా తప్పులు రాయాలంటే జవాబులన్నీ తెలిసుండాల.”

కాదంబరి దిగ్గున లేచింది. “నా యంత్రం తెరిచి చూడండి సార్! ఆయన తెలిసే తప్పు రాశాడు!”

తెరిచి చూశారు. ప్రతి లెక్కలోనూ యోగానందం ఎర్రగీత పచ్చగీత మీదే ఉంది.

“మరి నీ సంగతేందమ్మా?” అన్నాడు ఫక్కీరప్ప. ఆమె మళ్ళీ కూర్చుంది. “మనసులో గీసుకున్నదానికి మార్కుల్లేవు. కాయితం మీద గీసిందే లెక్క. రెండూ వద్దు. పిల్లోళ్ళు ఇంకో పదేండ్లు పాత డబ్బాతోనే ఏడుస్తారు.”

కాదంబరికి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫక్కీరప్ప మనోలేఖినిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఇలాంటిది చేజారిపోయిందే అన్న దిగులు ఆయన ముఖంలో కనిపించింది.

“ఇంత పని చేసి పోగొట్టుకుంటివి కదమ్మా. నీ బాధెంతో నన్నొకసారి చూడనీ. అడ్డంగా పొద్దున్నుంచి ఇప్పటిదాకా కాలం. నిలువుగా నీ సంతోషం. గుర్తు చేసుకుంటా వేలు పెట్టు.”

ఆమె వెంటనే పెట్టింది. గోతిలోకి కూలిపోయే గీతను చూసి ఈ ముసలాయన జన్మంతా కుమిలిపోవాలి అనుకుంది. ఎర్రగీత పొద్దున్నుంచి నేల మీద పాకుతూ వచ్చింది. ‘కాదంబరమ్మకు సున్న’ దగ్గర ఇంకా కిందికి జారింది. ‘యోగానందానికీ సున్నే’ దగ్గర నిట్టనిలువుగా లేచింది. తెర చాలక యంత్రం తనంతట తానే స్కేలు మార్చుకుంది. తన యంత్రం ముందు ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. వేలు లాగేసుకుంది కానీ గీత చెరగలేదు.

“అద్గదీ ఆవిడ బాధ!” యోగానందం పగలబడి నవ్వాడు.

ఫక్కీరప్ప అతని చెయ్యి పట్టుకుని బొటనవేలిని యంత్రం మీద అదిమాడు. రెండో ఎర్రగీత బయల్దేరింది. పాకింది, జారింది, లేచింది. మొదటి గీత మీదే నడుచుకుంటూ పోయి తెర పైఅంచు దాకా ఎక్కింది. యోగానందం నవ్వు ఆగిపోయింది.

రెండు గీతలూ ఎక్కడ విడిపోయాయో వెతకడం మనోలేఖిని పని. అది కాసేపు వెతికింది. పిల్లల కోసం కాదంబరి ఏరి కోరి పెట్టిన ముద్దు గొంతుతో అడిగింది:

“రెండూ అచ్చంగా ఒకేలా ఉన్నాయే! పక్కవాళ్ళది చూసి గీయలేదు కదా?”