ఎర్త్ వైరు కింద ఎర్రరంగు

"ఇంత రంగు పూసింది ఎవరండీ?"

ఆమె నాతో అన్న మొదటి మాట అది. ఎన్నేళ్లయినా ఆ విసుగు నా చెవుల్లోనే ఉంది.

తాతయ్య పోయాక మూలన పడ్డ పాత మోటారుసైకిల్‌కి నేనే ఎర్రరంగు వేసి, మురిసిపోతూ రోడ్డెక్కించాను. ఇంజను రాజాలా నడిచింది. హెడ్‌లైటు మాత్రం వెలగలేదు. అలా వెళ్లాను ఆ ఎలక్ట్రికల్ షాపుకి. షాపు వాళ్ల నాన్నది, పని ఆమెది.

"నేనేనండీ. బోర్డులు రాస్తుంటాను," అన్నాను గొప్పగా.

"అదీ సంగతి! బల్బు బాగుంది, బ్యాటరీ బాగుంది, స్విచ్ బాగుంది. మీ రంగే కొంప ముంచింది."

సీటు ఎత్తి చూపించింది. "ఈ ఎర్త్ వైరు ఫ్రేము ఇనుముని తాకితేనే కరెంటు పారేది. మీరు ఇనుముని కనపడనిస్తే కదా!"

బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకింది. నా ప్రాణం విలవిల్లాడింది. వైరు బిగించి స్విచ్ వేయగానే లైటు సరిగ్గా నా మొహం మీద పడింది. ఆమె పకపకా నవ్వింది.

వారం తిరక్కుండా లైటు మళ్లీ పోయింది.

"బోల్టు విప్పి మరీ రంగేశారా?"

"తుప్పు పడుతుందేమోనని..."

"తుప్పుకి గ్రీజు ఉంది. ఇంకోసారి బ్రష్ పెట్టారో, వైరు మీకే కడతా!"

తిడుతూనే టీ తెప్పించింది. ఆ టీ చల్లారేదాకా కబుర్లు చెప్పుకున్నాం. అప్పటికే నా పని అయిపోయింది.

మూడోసారి మాత్రం ఆమె నవ్వలేదు. వైరు కింద మళ్లీ ఎర్రరంగు.

"కావాలనే చేస్తున్నారు కదూ?"

"లేదండీ, ఒట్టు!"

"షాపులో ఆడపిల్ల ఉందంటే లేని రిపేర్లన్నీ పుట్టుకొస్తాయి. మీరు అలాంటివారు కాదనుకున్నా. బండి తీసుకెళ్లండి. ఇక రాకండి."

ఆమె దూరమవడం ఒక బాధ, నన్ను అలాంటివాడనుకోవడం ఇంకో బాధ. ఏం చెయ్యాలో తోచక వంగి ఆ రంగు వంకే చూశాను. ఉండలు కట్టి, పక్కకి కారి ఉంది.

"ఇది నా చెయ్యి కాదండీ."

"దొరికినవాళ్లంతా అదే అంటారు."

సంచీలోంచి బ్రష్, ఎర్రరంగు డబ్బా తీసి, అక్కడే పడున్న రేకు ముక్క మీద ఒక్క గీత గీశాను. ఆమె రేకుని సీటు కింద పెట్టి రెండు రంగుల్నీ చాలాసేపు పోల్చి చూసింది.

"మరి ఇదెవరి పని?"

"ఇంట్లో నేను కాక నాన్నమ్మ ఒక్కతే."

"పదండి. నేనే అడుగుతా," అని బండి వెనక కూర్చుంది.

నాన్నమ్మ వరండాలోనే ఉంది. మమ్మల్ని చూసి బొటనవేలు చీరకొంగులో దాచుకుంది. ఆ వేలికి ఎర్రరంగు.

"ఈసారి వేసింది నేనేనమ్మా," అంది దాచకుండా. "పానా పట్టడం మా ఆయనే నేర్పాడు. నీ దగ్గర్నుంచి వచ్చిన రోజునుంచీ వీడికి నీ ఊసే. బండి బాగుంటే మళ్లీ నీ దగ్గరికొచ్చే ధైర్యం వీడికెక్కడిది? మా ఆయనా అంతే. మా వీధంతా హారన్ మోతే కానీ ఒక్క మాట అన్లేదు. విసిగిపోయి నేనే అడిగా, నన్ను చేసుకుంటావా అని."

నాన్నమ్మ నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

"ఆయన పోయాక ఈ బండి మీద ఇద్దరు రావడం ఇవాళే చూశా. తిడితే తిట్టు తల్లీ, పడతాను."

ఆమె తిట్టలేదు. నా వైపు తిరిగింది.

"నిజమేనా?"

"నిజమే. మీరంటే నాకు ప్రాణం. బండి బాగున్నా మీ దగ్గరికి రావాలని ఉంది. రావచ్చా?"

ఆమె బండి వంక ఒకసారి చూసింది.

"రండి. కానీ బండి మీద కాదు. నడిచి రండి. అప్పుడు నమ్ముతా."

మర్నాడు తెల్లారగానే నడిచి వెళ్లాను. షాపు షట్టర్ ఇంకా తీయలేదు. ఆమె మాత్రం నాకంటే ముందే వచ్చి, మెట్టు మీద కూర్చుని ఉంది.