లావు తీగ, మూడో మెట్టు

"ప్లైవుడ్ ఏస్తే రేపే అయిపోతది కదరా?" అంది గిరిజ.

విఠల్ చేతిలో ఉలి ఆగింది. లాల్‌పేట్‌లోని తన షెడ్డుకొచ్చి ప్లైవుడ్ మాటెత్తినవాళ్లను అతను కూర్చోమని కూడా అనడు. గిరిజ అప్పటికే అతని బల్ల మీద కాళ్లాడిస్తూ కూర్చుంది. తడిసిన జడలోంచి నీళ్లు కింద రంపపు పొట్టులోకి జారుతున్నాయి.

పక్కనే ఆమె గిటార్ ఆంప్లిఫయర్. ఇంటి కప్పు కారడంతో దాని పెట్టె చాయ్‌లో ముంచిన పావ్ రొట్టెలా ఉబ్బిపోయింది. లోపలి స్పీకర్, వైర్లు మాత్రం బాగానే ఉన్నాయి. కొత్త పెట్టె కావాలి. గణపతి మండపంలో ఆమె మొదటి ప్రోగ్రాం దగ్గర పడుతోంది.

"ప్లైవుడ్ నీ మధుకర్‌ను అడుగు. నేనైతే టేకుతోనే చేస్త."

"నా మధుకర్ ఏంది? వాడు మా ఆర్కెస్ట్రాల డ్రమ్ములు కొడ్తడు."

"అదే. నీ ఆర్కెస్ట్రా మధుకర్."

"నీకు మూతి ముడుచుడు తప్ప ఇంకేమొస్తదిరా?"

"పెట్టెలు చేసుడొస్తది."

ఎనిమిదో తరగతి దాకా ఇద్దరూ కలిసే చదివారు. అక్కణ్నుంచి ఆమె కాలేజీకి పోయింది, అతను తండ్రి రంపం అందుకున్నాడు. స్నేహం మాత్రం తెగలేదు. గిటార్ మీద ఏ కొత్త పాట నేర్చినా ఆమె ముందు ఈ షెడ్డులోనే వాయించేది. అతను "నడుస్తది" అనేవాడు. లోకంలో దేన్నీ బాగుందనే అలవాటు అతనికి లేదు. బాగుందన్న మరుక్షణమే ఎవరో ఒకరు వచ్చి దాన్ని ఎత్తుకుపోతారని అతని గట్టి నమ్మకం.

రాజురాలో కూల్చేసిన పాత వాడా లోగిలి తలుపు ఒకటి అతని దగ్గరుంది. నిజాం కాలపు టేకు. గిరిజ ఆ చివర పట్టుకుంటే అతను చిత్రిక పట్టాడు. నల్లటి పైపొర లేచిపోగానే లోపలినుంచి తేనె రంగు బయటపడింది. షెడ్డంతా పాత అడవి వాసన. వాన రేకుల మీద మెత్తగా కురుస్తోంది. గిరిజ కళ్లు మూసుకుని ఆ వాసన పీల్చింది. విఠల్ కళ్లు తెరుచుకుని ఆమెను చూశాడు. చిత్రిక పక్కకు పోయింది.

"ఏమైందిరా?"

"చెక్కల ముడి ఉన్నది," అన్నాడు. ముడి లేదు.

మూలలు కలిపేటప్పుడు ఆమె అడిగింది. "మేకులు కొట్టవా?"

"మేకులెందుకు? గిట్ల కూసుంటది." అతను తన రెండు చేతుల వేళ్లూ ఒకదాన్లో ఒకటి దూర్చి చూపించాడు.

గిరిజ అతని ఒక చేతిని తీసేసి, అక్కడ తన చేయి పెట్టింది. "గిట్లనా?"

"ఆ... గిట్లనే."

"ఊడదా?"

"ఊడది," అన్నాడు.

ఆమె నవ్వి, అర మీది రేకు డబ్బా కోసం చేయి చాచింది. "తినేటియి ఉన్నయా?"

"ముట్టకు. మేకులున్నయ్ అండ్ల."

"మేకులు కొట్టనోనికి మేకులెందుకురా?"

విఠల్ గరుకు కాగితం అందుకున్నాడు. పెట్టెను నున్నగా రుద్దడంలో మునిగిపోయాడు.

పెట్టె తయారైన రోజు గిరిజ తీగలు మీటింది. ఆ స్వరం గుండ్రంగా, వెచ్చగా, వానలోకి నడిచి వెళ్లింది. రోడ్డు మీద గొడుగు పట్టుకుని పోతున్న ముసలాయన ఒక క్షణం నిలబడ్డాడు. విఠల్ "నడుస్తది" అనడం కూడా మరిచిపోయాడు.

అంతలో ఆమె వేలు లావు తీగ మూడో మెట్టు మీద పడగానే ఎక్కణ్నుంచో సన్నగా చప్పుడు. జిర్ర్‌ర్.

మళ్లీ మీటింది. మళ్లీ జిర్ర్‌ర్.

విఠల్ స్పీకర్ విప్పి మళ్లీ బిగించాడు. వెనక పలకకు జిగురు పెట్టాడు. గిరిజ పెట్టెకు చెవి ఆనించి వింది. మిగతా స్వరాలన్నీ తేనెలా పారుతున్నాయి. ఆ ఒక్కటే జిర్రుమంటోంది.

నీరసంగా గోడకు ఆనుకున్నాడు విఠల్. గిరిజ మరోసారి మీటింది. చప్పుడు సరిగ్గా అతని చెవి పక్కన వచ్చింది. పెట్టెలోంచి కాదు. అర మీది డబ్బాలోంచి.

అతను గభాల్న గోడను వదిలి, బాగానే ఉన్న స్పీకర్ మరలనే మళ్లీ బిగించసాగాడు.

అప్పుడే గిరిజ ఫోన్ మోగింది. విని, మళ్లీ చేస్తనని పెట్టేసి, అతని వైపు తిరిగింది. "మధుకర్ నాగ్‌పూర్ పోతుండట. రెడీమేడ్ పెట్టె తేవాల్నా అని అడుగుతుండు. ఏం చెప్పాలె? నీ టేకుల ఏదో తప్పున్నదిరా."

తెమ్మంటే సరిపోతుంది. రహస్యం డబ్బాలోనే ఉంటుంది. గిరిజ మధుకర్ తెచ్చిన పెట్టెతో వాయిస్తుంది, ఇక ఈ షెడ్డుకు రావడానికి పనేమీ ఉండదు. వద్దంటే డబ్బా దించాలి. విఠల్ తేనె రంగు పెట్టె వైపు చూశాడు. పాపం, అది ఏ తప్పూ చేయలేదు.

"చెక్కల తప్పు లేదు," అన్నాడు. డబ్బా దించి గుండెకు గట్టిగా అదుముకున్నాడు. "ఇప్పుడు కొట్టు."

గిరిజ మీటింది. స్వరం మచ్చలేకుండా వచ్చింది.

ఆమె గిటార్ పక్కన పెట్టింది. "మేకులు గంత సన్నగ మోగుతయా? ఇటియ్యి."

ఇచ్చాడు. మూత తీస్తే కాగితంలో ఆకుపచ్చ మట్టిగాజులు.

"ఎప్పుడు కొన్నవ్?"

"చైత్రంల, మహాకాళి జాత్రల."

"శ్రావణం గూడ అయిపోవట్టె. ఈ ఊళ్లె పచ్చగాజులు ఎవలికి పెడ్తరో ఎర్కేనా?"

"ఎర్కే. పెండ్లిపిల్లకు."

"మరి ఇయ్యనీకి ఏమైంది?"

"నువ్వు డిగ్రీ చదివినవ్. నేను..."

"నువ్వు మూతి ముడుచుడు చదివినవ్." ఆమె గాజులు ఒక్కొక్కటే చేతికి ఎక్కించుకుంది. తల ఎత్తకుండానే అంది. "సైజెట్ల తెలిసిందిరా?"

"కట్టె కొలిచే వడ్లోని కండ్లల్లనే కొలత ఉంటది."

"అయితే మా బాపు ముంగట గూడ ఆ కండ్లు దించకుండ మాట్లాడాలె. రేపు పొద్దుగాల రా."

విఠల్ తల ఊపాడు. గిరిజ ఫోన్ కలిపి చెవికి పెట్టుకుంది. "మధుకర్, నకో రే, ఏం తేవద్దు. నా పెట్టె మస్తున్నది."

బయట వాన కాస్త పెరిగింది. ఆమె గిటార్ ఒళ్లోకి తీసుకుని, లావు తీగ మూడో మెట్టు మీద వేలు పెట్టి మీటింది.

మళ్లీ సన్నగా మోగింది. ఈసారి ఆ చప్పుడు ఎక్కడిదని ఇద్దరిలో ఎవరూ వెతకలేదు.

"బాగున్నది," అన్నాడు విఠల్.