ఎనిమిది సీట్ల పడవ

అక్టోబరు ఆరో తారీఖు. ఆ పొద్దున ఇంట్లో రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. తిమింగలాలు దీవిని వదిలిపోయే రోజులు దగ్గరపడ్డాయి. చివరి ఆదివారం పడవని సొంతానికి వాడుకోవాలని, ఎక్కేవాళ్ల పేర్లు రాయడానికి కూతురు కాగితం, కలం ముందేసుకుని కూర్చుంది. ఎదురుగా అమ్మ గుడ్డు వొలిచి నాన్న పళ్లెంలో పెడుతోంది. కూతురికి ఒళ్లు మండింది. ఆయనకేం, చేతుల్లేవా?

తిమింగలాలు చూడాలని ఆ దీవికి వచ్చేవాళ్లు ఎక్కేది ఆ ఇంటి పడవే. టికెట్లు అమ్మేది కూతురు, పడవ నడిపేది అల్లుడు. పేరు మాత్రం నాన్నది. ముప్పై ఏళ్లుగా ఆయన కొండ మీది రేకుల గదిలో కూర్చుని, తిమింగలం ఎక్కడ నీళ్లు చిమ్మిందో కనిపెట్టి రేడియోలో పడవకి చెబుతాడు. రేవులో అందరూ ఆయన్ని దుర్భిణి అనే పిలుస్తారు. అమ్మ ఒకప్పుడు మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకెళ్లి వెంటనే దిగివచ్చేది. నాలుగేళ్లుగా పొద్దున్నే ఆయనతో ఎక్కి, పొద్దుగూకాక ఆయనతోనే దిగుతోంది. ఇంటిపని ఎగ్గొట్టడానికని కూతురి నమ్మకం.

"నడిపే మనిషి కాక ఎనిమిది సీట్లు నాన్నా. ఇన్నేళ్లూ కొండ మీంచే చూశావు, ఈసారి పడవలోంచే దగ్గరగా చూసి దారి చెబుదువుగాని. నువ్వు, నేను, బ్యాంకు మేనేజరు గారు, ఆయన భార్య, హోటలు వాళ్లు నలుగురు. సరిపోయాం."

"మరి మీ అమ్మ?"

"అమ్మెందుకు? బకెట్లో నీళ్లు కదిలినా కళ్లు తిరుగుతాయంటుంది. తిమింగలం కనపడితే, పాపం ఏమైనా తిన్నదో లేదో అంటుంది. మేం వచ్చేసరికి వండిపెడితే చాలు."

అమ్మ నవ్వింది. ఆ నవ్వంటే కూతురికి మరీ చిరాకు. తిట్టినా అదే నవ్వు. పొగిడినా అదే నవ్వేమో, పొగిడే అవసరం ఎప్పుడూ రాలేదు.

"అయితే నేనూ రాను," అన్నాడు నాన్న.

సాయంత్రం అల్లుడు పడవ కట్టేసి వచ్చేసరికి ఇల్లు ఉడికిపోతోంది. పిలిచినవాళ్లందరికీ కబురు వెళ్లిపోయింది. దుర్భిణి గారి పక్కనే కూర్చుంటానని మేనేజరు ముచ్చటపడ్డాడు కూడా.

"ఏం నూరిపోశావు నాన్నకి?" కూతురు అమ్మ మీదికి వెళ్లింది. "చదువా లేదు, లోకం పోకడా తెలీదు. నీకు చేతనైంది ఒక్కటే, అన్నం గిన్నె మొయ్యడం. అదైనా నోరు మూసుకుని మొయ్యి. ఆయనెంత గొప్పవాడో నీకెలాగూ అర్థం కాదు, అడ్డం పడకుండా అయినా ఉండు."

"నేనేమీ అనలేదే." అమ్మ తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తోంది.

"మీ అమ్మ లేకపోతే నాకేమీ కనపడదు తల్లీ," అన్నాడు నాన్న కుర్చీలోంచి.

"అబ్బో. ఈ వయసులో సరసాలొకటి."

"సరసం కాదు. నిజంగానే కనపడదు." ఆయన కూతురు ఉన్నవైపు తల తిప్పాడు గానీ, చూపు ఆమె భుజం పక్కనుంచి గోడ మీదికి పోయింది. "నాలుగేళ్లయింది. కుడికంట్లో నడిమధ్య నల్లమచ్చ, ఎడమకంట్లో అంతా పొగ. ఇక చేసేదేమీ లేదన్నాడు డాక్టరు. రేడియోలో గొంతొక్కటే నాది. చూసేది మీ అమ్మ."

నవ్వడానికి తోడు కోసం కూతురు మొగుడివైపు తిరిగింది. అతను వంగి చెప్పులు విప్పుతున్నాడు. విప్పడం ఎంతకీ కావడం లేదు.

"మీకు తెలుసా?"

"మావయ్యగారి మాటకి ముందు రేడియోలో సన్నగా గుసగుస వినపడేది. 'నల్లరాయి దాటాక కుడిపక్క, తల్లీ పిల్లా' అని. ఆ తర్వాత ఆయన అదే మాట గట్టిగా చెప్పేవారు. ఆయనే చెప్పుకోని సంగతి నేను బయటపెట్టడం ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

"నాలుగేళ్లు నా చేత అబద్ధం ఆడించారన్నమాట. మా నాన్న కళ్లు, మా నాన్న కళ్లు అని ఊరంతా చెప్పుకున్నాను."

"ఒక్క పడవైనా ఉత్తినే తిరిగొచ్చిందా?" అడిగింది అమ్మ. గొంతు పెంచలేదు.

రాలేదు. ఏ రోజు ఎన్ని కనిపించాయో పుస్తకంలో రాసేది కూతురే. ఈ నాలుగేళ్లలో మునుపటికంటే ఎక్కువే కనిపించాయి. నాన్న అనుభవం పండుతోందని మురిసిపోయింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ గుడ్డ మడిచి పక్కన పెట్టింది. "చెబితే ఆయన్ని కూడా నన్ను చూసినట్టే చూస్తావేమోనని."

కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లనీళ్లు బల్ల మీది పేర్ల కాగితం మీద పడి మేనేజరు పేరు అలుక్కుపోయింది. అమ్మ కొంగుతో ఆమె ముఖం తుడిచింది. అంతసేపూ అన్న మాటల్లో ఒక్కటీ గుర్తులేనట్టే తుడిచింది.

కాసేపటికి కూతురు తన పేరు కొట్టేసింది. "నా సీట్లో నువ్వెళ్లు."

"నేను పడవెక్కితే కొండ మీద ఎవరుంటారే?"

"నేనుంటాను."

"నీకు చూడటం రాదు కదా." ఎత్తిపొడుపు కాదు. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అంది.

"నేర్పించు."

"ఆరింటికల్లా ఎక్కాలి. ఎండ ఎక్కితే నీళ్లు మెరిసి మోసం చేస్తాయి. ఒకసారి చిమ్మగానే తొందరపడి చెప్పకూడదు. రెండోసారి ఎటు చిమ్మిందో చూసుకుని అప్పుడు చెప్పాలి." అమ్మ నాన్నవైపు చూసింది. "నాకు ఆయనే నేర్పారు. నేను తొందరపడితే ఎన్నిసార్లు విసుక్కున్నారో."

"విసుక్కోలేదు," అన్నాడు నాన్న.

"రెండుసార్లు," అంది అమ్మ.

పొద్దున్నే లేచే మనుషులు, ఎనిమిదిన్నరకే పడకెక్కారు. కూతురు మంచినీళ్ల చెంబు పట్టుకెళ్లేసరికి అమ్మ అప్పటికే నిద్రలో ఉంది. పగలంతా ఎండలో సముద్రాన్ని చూసి చూసి ఆమె రెప్పలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. హాల్లోని వెలుతురు నేరుగా వాటి మీదే పడుతోంది.

కూతురు చెంబు కింద పెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.