సమాధానం రాని శుక్రవారం

"చెయ్యి తియ్యండి."

కొత్తాయన కీబోర్డు మీది నుంచి చెయ్యి తీశాడు. ఆసుపత్రి సర్వర్ గదిలో ఆమె మాటకు ఎదురుండదు. వెనకాల అందరూ ఆమెను 'ఫైర్‌వాల్', అంటే ఎవర్నీ లోపలికి రానివ్వని గోడ, అనడం ఊరికే కాదు.

"పొద్దుట్నుంచి మూడుసార్లు ఆగింది. ఏం చేశారు?"

"నేను దీన్ని ముట్టుకోలేదండీ."

"మీరు వచ్చాకే కదా ఈ వింతలన్నీ!"

గాజు తలుపు అవతల పదిమంది విన్నారు.

రక్తపరీక్షల రిపోర్టులు ఇచ్చే సర్వర్ అది. పాస్‌వర్డ్ తీసుకుంటుంది, ఆపైన ఉలకదు, పలకదు. రీస్టార్ట్ చేస్తే గంటసేపు బుద్ధిగా నడిచి మళ్లీ బిగుసుకుంటుంది. ల్యాబ్‌లో రిపోర్టులు చేత్తో రాస్తున్నారు.

ఆ రోజు సోమవారం; దానితో అతని ఆరు నెలల ప్రొబేషన్ ముగుస్తుంది. ఉంచాలో పంపాలో మేనేజరుకు రాయవలసింది ఆమె. పదకొండింటికి, ఏ విచారణా లేకుండా, రెండు ముక్కలు రాసి పంపేసింది: "నిర్లక్ష్యం. కొనసాగించనవసరం లేదు." చదువుకున్నవాళ్లు చేసే అన్యాయంలో వ్యాకరణ దోషాలుండవు. తేడా అంతే.

"ఒక్క మాట చెప్పనా?" అన్నాడు అతను. "సరిగ్గా గంటకే ఆగుతోందండీ. ఏదో నిండుతోంది."

"డిస్కు సగం ఖాళీ. చూశాను."

"డిస్కు కాదేమో. లాగింగ్ సర్వీస్ ఎవరి కోసమో ఎదురుచూస్తోంది. ఇటు చూడండి."

తెర మీద ఒకే చిరునామాకు పిలుపు వెంట పిలుపు. అవతలి నుంచి బదులు లేదు. ఆ చిరునామా చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. అది బేస్‌మెంట్‌లోని పాత మెషీన్. సర్వర్‌లో జరిగే ప్రతి సంగతినీ రాసిపెట్టే లాగింగ్ సర్వీస్‌ను, ఆ నకలు ఈ మెషీన్‌కు పంపమని మూడేళ్ల క్రితం సెట్టింగుల్లో లైను రాసింది తనే. అందని నకళ్లన్నీ క్యూలో పేరుకున్నాయి. క్యూ నిండగానే సర్వీస్ కొత్తవి తీసుకోవడం మానేసింది. తన రాక నమోదు చేయించుకోవలసిన లాగిన్ అక్కడే నిలబడిపోయింది. దాని వెనక తక్కినవన్నీ.

"పాత మెషీన్ ఎవరు తీశారు?"

"నేనే. శుక్రవారం సాయంత్రం, దాని బదులు కొత్తది పెట్టి. శని, ఆదివారాలు పని తక్కువ కాబట్టి బయటపడలేదు."

"ఎవర్నడిగి?"

"మిమ్మల్నే. శుక్రవారంలోగా సమాధానం రాకపోతే తీసేస్తానని మెయిల్ పెట్టాను. మౌనం అర్ధాంగీకారం అంటారు కదండీ."

ఆ సామెత పుట్టించినవాడు ఏ ఆడమనిషినీ అడిగి ఉండడు. అయినా ఈసారి తప్పంతా సామెతది కాదు. కొత్తవాళ్ల మెయిళ్లు తీరిగ్గా చూద్దామని ఆమె వాటిని వేరే ఫోల్డర్‌లో పడేటట్లు పెట్టుకుంది. ఆ తీరిక ఆరు నెలలుగా రాలేదు.

ఆమె లైను దిద్దింది. కొత్త మెషీన్ చిరునామా ఇచ్చింది. అందనివి డిస్కు మీద దాచుకోమంది. సర్వీస్ లేచింది. లాగిన్ తెరుచుకుంది. ల్యాబ్ నుంచి ఫోన్: "అమ్మయ్య, వచ్చింది!"

అప్పుడు ఆ ఫోల్డర్ తెరిచింది. నలభై ఒక్క మెయిళ్లు. శుక్రవారం గడువు పెట్టిన మెయిల్ పైనే ఉంది. మూడో నెలలో వచ్చినది ఇలా ఉంది: "మీ కుర్చీ మీద ఏసీ గాలి నేరుగా పడుతోంది. అట్ట అడ్డం పెట్టాను. ఇబ్బందైతే చెప్పండి, తీసేస్తాను."

ఆమె తలెత్తి చూసింది. కొలిచి కోసి, అంచులకు టేపు వేసిన అట్ట. ఇన్నాళ్లూ బిల్డింగ్ వాళ్లు పెట్టారనుకుంది.

మధ్యాహ్నం అమ్మమ్మకు ఫోన్ చేసింది.

"ఒకాయన్ని అన్యాయంగా తిట్టానమ్మమ్మా."

"ఎక్కడ?"

"అందరి ముందూ."

"అయితే చెవిలో సారీ చెబితే చెల్లదు తల్లీ. తిట్టిన చోటే చెప్పు. మనిషి ఎలాంటివాడే?"

"నా మీద చల్లగాలి పడకుండా అట్ట పెట్టాడు."

"ముందు క్షమాపణ చెప్పు. మిగతాది నేను భోంచేసి ఆలోచిస్తా."

మూడింటికి మేనేజరునే ఆ గాజు తలుపు దగ్గరికి పిలిచింది. పొద్దున విన్న పదిమందీ ఉన్నారు.

"సర్వర్ ఆగింది నా లైను వల్ల. కారణం కనిపెట్టింది ఈయన. ముందే నన్ను అడిగారు కూడా. నేను మెయిల్ చదవలేదు. ఈయన మీద రాసిన అభిప్రాయం వెనక్కి తీసుకుంటున్నాను."

"అంటే, ఉంచమంటారా?" అన్నాడు మేనేజర్.

"ఉంచమనే."

"ఫైర్‌వాల్‌లో పోర్టు తెరుచుకుందర్రా, లోపలికి దారి దొరికింది!" అని వెనక నుంచి ఎవరో గొణిగారు. కొత్తాయన చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఫోల్డర్‌ను ఆమె అప్పుడే తీసేసింది. ఐదింటికి అతని మెయిల్ నేరుగా ఆమె కళ్ల ముందే పడింది.

"రేపు నాతో టీ తాగుతారా? ఈసారి మౌనాన్ని అంగీకారం అనుకోను. సమాధానం రాకపోతే కాదన్నట్టే, మళ్లీ అడగను. అట్ట మాత్రం ఉంచుతాను."

ఆమె ఒక్క నిమిషంలో సమాధానం రాసి, కుర్చీ తిప్పింది. ఎదురు బల్ల దగ్గర అతను తెర కేసి కాకుండా గోడ కేసి చూస్తున్నాడు.

"మెయిల్ చూసుకోండి."

"ధైర్యం చాలడం లేదండీ."

"అయితే వినండి. తాగుతాను."

"రేపేనా?"

"రేపటిదాకా క్యూలో ఎందుకు నిలబెడతారు?" ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. "లేవండి."