చేపల ఉపవాసం

"నా చేపలకి మేత పెట్టింది నువ్వే," అన్నది దీవెన.

"నీ చేపలెట్లయితాయి? చెరువు నాది," అన్నాడు తిమోతి.

తిమోతి నా మరిది. త్రిపురాంతకం అవతల చేపలు పెంచుతాడు. దీవెన చేపల ఆకలి మీద పరిశోధన చేసే పిల్ల. టీ తెచ్చిన నేను గట్టు మీద నిలబడిపోయినా. గ్లాసుల్లో పోద్దామంటే ఒక్కరూ చెయ్యి చాపరు.

కడుపు ఖాళీ అయితే చేప ఒంట్లో ఏదో హార్మోను పెరిగి, తిను తిను అని మెదడుకి చెప్పుద్దంట. ఎంత పెరుగుద్దో చూడాలని పోయిన వారం మూడు రోజులు మేత బందు పెట్టించి, రోజూ రక్తం తీస్కపోయింది.

"రిపోర్టు వచ్చింది. పస్తున్న చేపకి ఆకలి హార్మోను పెరగాల. నీ చేపలు పెండ్లి భోజనం చేసినట్టున్నాయి."

"నేను పెట్టలేదు."

"ఇంకోసారి ఇట్లయితే ఈ చెరువొద్దు, గిద్దలూరు దిక్కు చూసుకోమన్నారు మా సార్. నా చదువు నీకు ఆటయిందా?" ఆ పిల్ల కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

"నేనెందుకు పెడతా?"

"పరీక్ష చెడితే నేను మళ్ళీ వస్తాననే. బస్సెక్కేటప్పుడు రోజూ ఏమడిగినావు? మళ్ళీ ఎప్పుడొస్తావనేగా?"

నోట్లో నాలుక లేనోడు మా మరిది. ఆరోజు ఏమైందో మరి.

"నువ్వు రావాలనే ఉంది. రోజూ రావాలని ఉంది. దానికోసం నీ పని చెడగొట్టేంత తప్పుడోణ్ణి కాదు."

దీవెన గబుక్కున చెరువు దిక్కు తిరిగింది. నేను ఊరికే ఫ్లాస్కు మూత తిప్పుతా ఉండినా.

ఈ గొడవలో మార్కాపురం బస్సు పోయింది. దీవెన వచ్చిన రోజుల్లో ఆ టైముకి తిమోతి ఆమెని బండి మీద సెంటర్లో దింపను పోతాడు, చెరువు కాడ ఎవరూ ఉండరు. ఉండరనుకోనే వచ్చింది మా అత్త ఎలీషబా, తవుడు బకెట్ మోసుకుంటా.

"అమ్మా, ఏందది?"

"ఏందేంది? మనం ఉపవాస ప్రార్థన చేస్తే పొద్దు గూకినాక తినమా? పాపం, నోరులేని జీవాలు. వీటి ఉపవాసం ఎవరు విడిపించాల? పోయిన వారం నేనే విడిపించినా. ఈ పిల్ల మళ్ళీ కనపడితే, మళ్ళీ మాడుస్తున్నారనుకున్నా."

దీవెన గట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకోని లేచింది.

"సోమవారం నుంచి మళ్ళీ మొదలు. నిన్ను ఊరికే అన్నా తిమోతీ, ఏమనుకోవద్దు."

"అమ్మని నేను చూసుకుంటా," అన్నాడు వాడు. బండి తాళం వేలికి తిప్పుకుంటా, "ఈసారి పరీక్ష బాగా వస్తే నువ్వింక రావు గదా?" అన్నాడు.

"అప్పుడు రావాల్సింది నేను కాదు. నువ్వే మా ఇంటికొచ్చి మా నాయనతో మాట్లాడాల."

మా అత్త బకెట్ కింద పెట్టి, కొంగుకి చేతులు తుడుచుకోని, సెల్లు బయటికి తీసింది.

"పెండ్లి మాటలకి ముందు మీ పాస్టరు గారి నంబరు చెప్పు, పిల్లా."