కడియంలో మూగబోయిన అలారం

కడియం నర్సరీలో, గులాబీ అంటుమొక్కల మధ్య, పట్టపగలు ఏజెంట్ లోకనాథ్‌ని సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. అతని సేఫ్ తాళం పట్టుకుపోయారు.

"నర్సరీ ఆఫీసులోని ఆ సేఫ్‌లో హార్డ్‌డిస్క్ ఉంది" అన్నాడు గూఢచారి విభాగం చీఫ్ గణేష్‌బాబు, ఏజెంట్ అమ్మిరాజుతో. "శత్రుదేశంలో మారుపేర్లతో ఉన్న మన పదకొండు మంది అసలు పేర్లున్నాయి. ఒకటి మీ తమ్ముడు భానుతేజది."

తమ్ముడు బతికున్నాడని డిపార్ట్‌మెంట్ అమ్మిరాజుకి చెప్పడం అదే మొదటిసారి.

"డిస్క్ తీసేసి దాచెయ్యొచ్చు కదా సార్?"

"తీస్తే లోకనాథ్‌ని చంపిన ముఠా రాదు. వాళ్లు మొబైల్ జామర్ వాడతారు. అందుకని అలారాన్ని బ్రాడ్‌బ్యాండ్ ఫోన్ లైన్‌కి కలుపు. సేఫ్ తెరవగానే ఎదురు గోడౌన్‌లో కమాండోల ల్యాండ్‌లైన్ మోగాలి."

ఎరగా పెట్టింది తన తమ్ముడి ప్రాణాన్ని. అమ్మిరాజు పళ్లు నూరుకుని, టెక్నీషియన్ వేషం వేసుకున్నాడు.

బ్రాడ్‌బ్యాండ్ బాక్స్ నుంచి వైరు ముందు అలారానికి, అక్కణ్నించి ఫోన్‌కి కలిపాడు. టెస్ట్ కాల్ చేశాడు. "మల్లె చిగురేసింది" అని గోడౌన్ నుంచి కోడ్‌వర్డ్ వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం ఫెళ్లున ఉరిమింది. నర్సరీ యజమానురాలు ప్రసన్నలక్ష్మి పరుగున వచ్చి బాక్స్ కరెంటు ప్లగ్గు పీకేసింది.

"అయ్యో, ఎందుకు తీశారండీ?"

"ఉరుముతుంటే ఉంచుతారేంటండీ? పోయినేడు టీవీ కాలిపోయింది!" అంటూ నారుమొక్కలకి పట్టా కప్పడానికి వెళ్లిపోయింది.

అమ్మిరాజు ప్లగ్గు కోసం వంగాడు. చప్పుడు లేకుండా అతని కుడి భుజంలోకి తూటా దిగింది.

గుమ్మంలో మీనాకుమారి. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. డిపార్ట్‌మెంట్ మనిషే కాబట్టి గోడౌన్ వాళ్లు ఆపలేదు. ఆమె చేతిలో లోకనాథ్ తాళం ఉంది.

"ఇక్కడ ఉరిమితే ప్రతి ఇంట్లో ప్లగ్గు పీకుతారు. మూడు రోజులుగా వాన కోసమే చూస్తున్నా" అంటూ సేఫ్ తెరిచింది.

గోడకి ఒరిగిపోతూ, వీపు వెనక తడుముకుని, అతను ప్లగ్గు గుచ్చాడు. బాక్స్‌లో ఎర్రలైటు వెలిగింది. పచ్చలైటు వచ్చి, తెరిచిన సేఫ్ అలారం గోడౌన్‌కి చేరాలంటే రెండు నిమిషాలు. మీనా డిస్క్ తీసుకుని గుమ్మం వైపు నడిచింది.

"భాను నిన్ను వదినా అనేవాడు" అన్నాడు.

ఆమె ఆగింది.

అమ్మిరాజు చెప్పుకుపోయాడు. తమ పెళ్లికి రాజమండ్రిలో కల్యాణమండపం మాట్లాడిన సంగతి, పెళ్లికి ఆమె రాని ఆ రోజు తను గోదావరి గట్టున చీకటిపడేదాకా కూర్చున్న సంగతి. ఐదేళ్లుగా ఎవరికీ చెప్పనివన్నీ చెప్పాడు. ఆమె కళ్లద్దాలు తీసి వింది.

పచ్చలైటు వెలిగింది. ఆమె చూసింది. పిస్టల్ అతని నుదుటికి గురిపెట్టి, ట్రిగ్గర్ మీద వేలు బిగించేలోపు కమాండోలు మీద పడ్డారు.

"ఇందాకటి మాటలన్నీ ఆ లైటు కోసమేనా?" అంది బేడీలతో.

కాదు అనబోయాడు. చుట్టూ డిపార్ట్‌మెంట్ వాళ్లున్నారు.

"అవును" అన్నాడు.

అలారం కాల్ రెండు నిమిషాలు ఎందుకు ఆలస్యమైందో రాసివ్వమన్నాడు చీఫ్. 'బాక్స్ స్టార్ట్ కావడానికి పట్టిన సమయం' అని రాసి, ఎడంచేత్తో సంతకం పెట్టాడు అమ్మిరాజు.